ఏడూ నలభై బస్సులో తొమ్మిది మంది

మిషను కాంపౌండు, సంగనకల్లు దారి
7 జూలై 2025, సోమవారం

చిరంజీవి నెహెమ్యాకు,

మోకాలు తప్ప మిగతావన్నీ దేవుని దయవల్ల పనిచేస్తున్నాయి. నిన్న ఫోనులో "బాగున్నావా అవ్వా" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఇంకో ఫోను వస్తోందని పెట్టేశావు. అందుకే ఇది రాస్తున్నాను. కాగితం మాట మధ్యలో తెగిపోదు. నీ జవాబు కూడా కాగితం మీదే, తెలుగులోనే రావాలి.

విషయం బస్సు. ఏ బస్సు ఎక్కడ తిరగాలో ప్రభుత్వానికి రిపోర్టులు రాసిచ్చే ఆఫీసులో నువ్వు పనిచేస్తున్నావు కాబట్టి నీకే రాస్తున్నాను. పోయిన వారం ఆరు రోజులు కాంపౌండు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, బళ్ళారికి పోయే ఎనిమిదీ పది బస్సును లెక్కపెట్టాను. అది పై ఊళ్ళలో సగం నిండి వస్తుంది. మన స్టాపులో సోమవారం 64 మంది ఎక్కారు, 13 మంది ఎక్కలేక మిగిలిపోయారు. మంగళవారం 61, 16. బుధవారం 66, 11. గురువారం ఫుట్‌బోర్డు మీద పదకొండు మంది వేలాడారు. ఆ రోజు తలుపు తగిలి నా మోచేయి గీసుకుపోయింది కాబట్టి మిగిలినవాళ్ళ లెక్క సరిగా దొరకలేదు. శుక్ర, శనివారాలు మళ్ళీ అదే వరస.

మిగిలిపోయేవాళ్ళలో తరచూ కనిపించే మనిషి ఒకతె ఉంది. అనూష, కింది వీధి యల్లేష్ కూతురు. సాయంత్రాలు నా అరుగు మీద లెక్కలు నేర్చుకునే పిల్ల. యల్లేష్‌కు బళ్ళారిలో జీన్సు ఉతికే యూనిట్లో రాత్రి డ్యూటీ. తల్లి తెల్లవారకముందే మిరప తోటల పనికి పోతుంది. ఇంటి పని ముగించుకుని ఈ పిల్ల స్టాపుకు వచ్చేసరికి తలుపు దగ్గర మగవాళ్ళు గోడ కట్టేసి ఉంటారు. తోసుకుని ఎక్కడం ఈమెకు రాదు. తరువాతి బస్సు పదింపావుకు. కాలేజీ తొమ్మిదికి.

రెండో పీయూసీ. కాలేజీ నడిచింది ఇరవై తొమ్మిది రోజులు, ఈమె పోయింది పదహారు. నూటికి డెబ్భై ఐదు హాజరు లేనివాళ్ళకు హాల్ టికెట్ లేదని నోటీసు పెట్టారు. నర్సు కావాలని ఈమె కోరిక. యల్లేష్ నాతో ఏమన్నాడో అతని మాటల్లోనే రాస్తున్నాను: "దినామూ స్టాపు దాకా పోయి వాపసు వస్తాండాది టీచరమ్మా. ఈ కాడికి యూనిట్లో దారాలు కత్తిరించే పనికన్నా వస్తే మేలు కదా."

ఇంకొక బస్సు ఎందుకు లేదో, ఎవరిని అడగాలో నాకు రాయి.

ఇట్లు,
కృపమణి, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ (నీకు అవ్వ)


బెంగళూరు
13 జూలై 2025

ప్రియమైన అవ్వకు వందనాలు.

మూడు కాగితాలు చించేశాక నాలుగోది ఇది. తప్పులుంటే ఎర్ర సిరా పెట్టి తిప్పి పంపవద్దు.

అవ్వా, నీకు డెబ్భై నాలుగేళ్ళు. ఫుట్‌బోర్డు మీద వేలాడి మోచేయి చెక్కించుకునే వయసా? రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. బళ్ళారిలో నా క్లాసుమేటు టోనీ ఆటో నడుపుతున్నాడు. సోమవారం నుంచి నెల రోజులు పొద్దున్నే నీ గేటు ముందుంటాడు. నోరు మూసుకుని ఎక్కు.

ఇంకొక బస్సు సంగతి. మా రుద్రేశ్ సార్ రోజుకొకసారైనా కుర్చీలో వెనక్కి వాలి "జన జాస్తి ఆయ్తు కణప్పా" అంటారు, జనం ఎక్కువైపోయారని. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు నాకూ అదే నిజమనిపిస్తోంది. ఇక్కడ పంటినొప్పికి ప్రభుత్వాసుపత్రికి పోతే నా టోకెన్ నంబరు 340. రైలెక్కడానికి క్యూ, దిగడానికి క్యూ. ఇంకో బస్సు వేస్తే అదీ నిండిపోతుంది. దేశం మోయగలిగినంత కంటే ఎక్కువ మందిమి పుట్టేశాం. అనూషలాంటి వాళ్ళు లక్షల మంది ఉన్నారు అవ్వా. అందరినీ ఎక్కించుకునే బస్సు ఎక్కడా లేదు. కటువుగా ఉంటుంది కానీ లెక్క అదే.

మోచేతికి మందు రాసుకో.

నీ
నెహెమ్యా


మిషను కాంపౌండు
19 జూలై 2025

నెహెమ్యాకు,

మోచేయి మానింది. నేను బస్సు ఎక్కానని ఎవరు చెప్పారు? తలుపు పక్కన నిలబడి లెక్కపెట్టాను. నేను బళ్ళారికి పోయి నాలుగు నెలలైంది.

నీ టోనీ సోమవారం ఏడింటికే వచ్చి హారన్ కొట్టాడు. "నాకు బళ్ళారిలో పని లేదు నాయనా" అంటే, "నెహెమ్యా నెలకంతా కట్టేసినాడవ్వా, నువ్వు కూసోకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. మంగళవారం మళ్ళీ వచ్చాడు. బుధవారం అతని ముఖం చూడలేక ఎక్కి, చర్చి చుట్టూ ఒక రౌండు తిరిగి దిగాను. అనూషను ఎక్కించుకొమ్మని చెబితే యల్లేష్ ఒప్పుకోలేదు. "ఒక నెల ఆటోలో పంపిస్తావు. ఆ పైన?" అన్నాడు. సరైన ప్రశ్నే. టోనీని పంపించేశాను. మంచి పిల్లవాడు. ప్రార్థనకు రమ్మన్నాను.

ఇక నీ లెక్క. జనం ఎక్కువైపోయారన్నావు. ఎక్కువైనవాళ్ళు ఎవరో పేర్లు రాసి పంపు. అనూషా? నేనా? నువ్వు ఒకటో తరగతిలో చేరిన ఏడు మా బడిలో పరిమితి అరవై మంది. నీది అరవై మూడో దరఖాస్తు. ఇన్‌స్పెక్టరు "చోటు లేదమ్మా" అన్నాడు. బెంచీల మధ్య దూరం స్కేలుతో కొలిచి, ఇంకొక బెంచీ పడుతుందని ఆయనకు చూపించాను. ఆ బెంచీ మీద చదివినవాడివి నువ్వు.

చోటు లేదని చెప్పేవాళ్ళు ముందు కొలిచి చెప్పాలి. మా రూటు గురించి మీ ఆఫీసులో కొలిచిన కాగితం ఉంటే దాని నకలు పంపు.

కృపమణి


బెంగళూరు
26 జూలై 2025

అవ్వకు,

కాగితం అడిగావు, వెదికాను. ఇప్పుడు నాకే చెప్పడానికి ఇబ్బందిగా ఉంది.

మీ రూటులో పొద్దున ఒక్క బస్సు కాదు, రెండున్నాయి. పోయిన సంవత్సరమే రెండోది వేశారు. మన స్టాపుకు ఏడూ నలభైకి వస్తుంది, ఎనిమిదీ ఇరవైకి బళ్ళారి. మా సర్వే ప్రకారం దాంట్లో సగటున తొమ్మిది మంది. చెప్పేది అర్థమవుతోందా? యాభై రెండు సీట్లలో తొమ్మిది మంది.

ఇరవై ఐదు మందికి తక్కువ ఎక్కే ట్రిప్పులన్నీ రద్దు చేయమని మేమొక జాబితా తయారు చేస్తున్నాం. ముప్పై ఒక్క ట్రిప్పులున్నాయి. పద్నాలుగో నంబరు మీదే. సెప్టెంబరు పదిహేనుకు జాబితా ఖాయమవుతుంది.

బస్సు వేస్తే ఎక్కరు, ఎక్కకుండా ఇంకోటి కావాలంటారు. ఇలాంటివాళ్ళను రుద్రేశ్ సార్ ఏమంటారో నేను రాయను కానీ, నువ్వే చెప్పు.

నెహెమ్యా


మిషను కాంపౌండు
30 జూలై 2025

నెహెమ్యా,

ఏడూ నలభై బస్సు అనేది లేదు. గేటుకు ఇరవై అడుగుల దూరంలో యాభై ఏళ్ళుగా ఉంటున్నాను. ఉంటే నాకు తెలియదా? టోనీని వెనక్కి పంపానన్న కోపంతో మన ఊరిని జాబితాలో పెట్టావేమోనని కూడా ఒక్క క్షణం అనిపించింది. నిన్ను అలా పెంచలేదు కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాను. కానీ మీ సర్వే తప్పు. రేపు నేనే పోయి నిలబడి, తప్పని రాసి పంపుతాను.

కృపమణి


మిషను కాంపౌండు
5 ఆగస్టు 2025

చిరంజీవి నెహెమ్యాకు,

మీ సర్వే తప్పు కాదు.

గురువారం ఏడున్నరకు రోడ్డు మీదికి పోయాను. నలభైకి బస్సు వచ్చింది. లోపల తొమ్మిది మంది. మన స్టాపులో ఎక్కినవాళ్ళు ఇద్దరు. కండక్టరు నెట్టికంటప్ప కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కుతావా అమ్మా? ఎక్కు, మాట్లాడేకి ఒక మనిషన్నా ఉంటాది. ఈ ట్రిప్పులో నాకు నేనే టికెట్ కొట్టుకోల్ల" అన్నాడు. నాకు ఈ బస్సు ఎందుకు తెలియదో కూడా అప్పుడే అర్థమైంది. ఏడుంబావు నుంచి ఎనిమిది దాకా నేను చర్చి గదిలో రేడియో ముందు, గడియారం సరిచూసుకుంటూ ఉంటాను, గంట కొట్టడానికి.

ఖాళీ బస్సు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా కింది వీధికి పోయాను. వీధి కొళాయి దగ్గర ముప్పై నలభై మంది బిందెలతో ఉన్నారు. "అక్కడ బస్సు ఖాళీగా పోతోంది, మీరంతా ఇక్కడేం చేస్తున్నారు? సోమరితనానికి హద్దు లేదా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాయను.

అందరూ తల వంచుకున్నారు. పంచాయతీ నీళ్ళు వదిలే కెంచప్ప మాత్రం వాల్వు మీద చేయి వేసుకుని నవ్వాడు.

"మమ్మల్ని తిడతావేంది టీచరమ్మా? నువ్వు గంట కొడితే కదా నేను వాల్వు కట్టేసేది. నువ్వు కొట్టేది ఎనిమిదికి. నీళ్ళు వస్తాండంగా బిందె ఇడిసిపెట్టి బస్సెక్కే మొనగాడు ఎవుడుండాడు?"

ఒక ముసలామె అందుకుంది. "అది గంటకు ముందు పోయే బస్సు. మనది కాదు లేమ్మా. మనది గంట కొట్టినాంక వచ్చేది."

అనూష కూడా అక్కడే ఉంది. "నువ్వు ఆ బస్సు ఎప్పుడైనా చూశావా?" అని అడిగాను. "దినామూ చూస్తా టీచర్. నేను మూడో బిందె పట్టేటప్పుడు పోతాది" అంది.

నెహెమ్యా, మీ తాత పోయిన 1998 నుంచి ఆ తాడు నేనే లాగుతున్నాను. ఇరవై ఏడేళ్ళలో ఒక్క నిమిషం తప్పలేదని గర్వపడుతూ వచ్చాను. ఆ ఖచ్చితత్వం చేసిన పని ఇది. రెండు వందల ముప్పై ఇళ్ళు నా గంటకు నీళ్ళు కట్టేసి, నా గంటకు తలుపు వేసి, ఒకే నిమిషంలో రోడ్డు మీదికి వచ్చి, పది నిమిషాల్లో వచ్చే ఒకే బస్సు మీద పడుతున్నాయి. ఆ గుంపును దేశం తయారు చేయలేదు. నేను చేశాను.

అనూష లెక్క ఇది. యాభై రోజుల్లో ఇరవై ఆరు. సంవత్సరానికి పనిదినాలు 184, కావలసినవి 138. మిగిలిన 134 రోజుల్లో 112 పోవాలి. ఇరవై రెండు మించి తప్పితే హాల్ టికెట్ లేదు. ఏడూ నలభై బస్సును మీరు తీసేస్తే ఆమె చదువు అంతటితో సరి.

ఏం చేస్తే అది జాబితాలోంచి పోతుందో రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

తలవంచిన
అవ్వ


బెంగళూరు
9 ఆగస్టు 2025

అవ్వా,

చివర నువ్వు రాసిన మాటను నాలుగుసార్లు చదివాను. నా జన్మలో చూస్తాననుకోలేదు. ఈ ఉత్తరం దాచిపెట్టుకుంటాను.

నియమం ఇది. సెప్టెంబరు ఒకటి నుంచి ఆరు వరకు మళ్ళీ ఒక లెక్క తీయించవచ్చు. సగటు ఇరవై ఐదు దాటితే ట్రిప్పు ఉంటుంది. నీ లెక్క చెల్లదు. "అజ్జి లెక్క ఆఫీసు లెక్క కాదప్పా" అన్నారు రుద్రేశ్ సార్. మా మనిషే వస్తాడు. ఎప్పుడొస్తాడో నాకు చెప్పరు. చెప్పినా నీకు చెప్పను.

అయినా అవ్వా, జనం రాత్రికి రాత్రి మారతారా? అంత నమ్మకం పెట్టుకోవద్దు. ఒక ఊరి గుంపు తగ్గినంత మాత్రాన దేశం ఖాళీ అయిపోదు కూడా.

నెహెమ్యా


మిషను కాంపౌండు
21 ఆగస్టు 2025

చిరంజీవి నెహెమ్యాకు,

అయిదు రోజుల సంగతి ఉంది. కూర్చుని చదువు.

ముందు కెంచప్పతో మాట్లాడాను. నీళ్ళు కింది వీధికి ఆరున్నర నుంచి ఏడూ ఇరవై వరకు, పై వీధికి ఆ తరువాత ఎనిమిది వరకు. దానికి రెండు గంటలు కావాలి, ఏడూ ఇరవైకి ఒకటి, ఎనిమిదికి ఒకటి. గంట సంఘానిది కాబట్టి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు పెట్టాను.

పెద్ద గిద్యోను లేచాడు. "దొరలు పెట్టిన టైమిది. మా జేజినాయన కాలం నుంచి ఎనిమిదే. ఇంతకాలం నువ్వే కదమ్మా, ఒక్క నిమిషం అటిటు కాకూడదని మమ్మల్ని కాల్చుకుతిన్నది? ఇప్పుడేమొచ్చె?"

"నాది తప్పని తెలిసొచ్చింది గిద్యోనూ" అన్నాను. "దొరలు గంట కట్టినప్పుడు ఈ రోడ్డు మీద బస్సు లేదు, వీధిలో కొళాయి లేదు. ఆ రెండూ వచ్చాక కూడా చూసుకోకుండా కొట్టింది నేను. దానివల్ల ఒక పిల్ల చదువు పోతోంది." యాభై ఎనిమిది మంది ముందు ఆ మాట అనడం కష్టంగానే ఉండింది. అన్నాక తేలికైంది.

చర్చి ప్రహరీ అవతల ఊళ్ళోవాళ్ళు కూడా నిలబడి వింటున్నారు. పై వీధి రైతుల ఇంటి సుబ్బరత్నమ్మ గోడ మీద మోచేతులు ఆనించి అందుకుంది. "మాకు ఓటు లేదు గానీ నోరు ఉండాది. మా ఇంటాయన బీపీ మాత్ర కూడా మీ గంటకే మింగుతాడు. మీరు ఎన్ని కొట్టినా ఆయన రెండో గంటకే మింగుతాడులే, మాకేం బాధ లేదు. ఆ పిల్లను బస్సెక్కించండి."

చేతులెత్తమన్నారు. అవునని 41, కాదని 16. గిద్యోను ఏ చేయీ ఎత్తలేదు.

సోమవారం ఏడూ ఇరవైకి మొదటి గంట కొట్టాను. కింది వీధి మొత్తం కదిలింది. కానీ బస్టాపు వైపు కాదు, చర్చి వైపు పరుగెత్తుకొచ్చింది.

ఎంత తెలివితక్కువదాన్ని చూడు. మన సంఘంలో వేళ కాని వేళ గంట మోగితే ఎవరో పోయారని అర్థం. ఆ అర్థం ఇక్కడ నూరేళ్ళుగా ఉంది. నేనే ఎన్నిసార్లు కొట్టానో! ఆదివారం సమావేశానికి రానివాళ్ళకు ఎవరు చెప్పారు? ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చారు. సుబ్బరత్నమ్మ, అన్నీ విని కూడా, నిద్రమత్తులో చామంతి దండ పట్టుకుని వచ్చింది. "ఎవురమ్మా? ఎవురు?" అని అందరూ అడగడమే. ఊళ్ళో అందరికంటే పెద్దవాడు కాబట్టి ఇద్దరు ముసలివాళ్ళు నేరుగా గిద్యోను ఇంటికి పోయి వాకిట్లో ఏడుపు మొదలుపెట్టారు. ఆదివారం అంత గట్టిగా మాట్లాడాడు, గుండె ఆగిపోయింటుందని అనుకున్నారట. గిద్యోను కాఫీ లోటాతో బయటికొచ్చి, తన కోసం ఏడుస్తున్నవాళ్ళను చూశాడు.

ఆ గొడవలో బస్సు వచ్చింది, పోయింది. మన స్టాపులో ఎక్కినవాళ్ళు సున్నా. రోజూ ఎక్కే ఇద్దరూ చర్చి దగ్గరే ఉన్నారు.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. అప్పుడు గిద్యోను కాఫీ లోటాతోనే వచ్చి నా ముందు నిలబడ్డాడు. "లేమ్మా. ఇది బస్సు గంటని ఇంటింటికీ చెప్పొద్దాం పా. నువ్వు చెప్తే నమ్ముతారో లేదో గానీ, నేను పోయి నిలబడితే నమ్మక యాడికి పోతారు? బతికే ఉండాను కదా" అన్నాడు.

కింది వీధిలో నూట పద్దెనిమిది ఇళ్ళు. రెండు సాయంత్రాల్లో తిరిగాం. ప్రతి గడపలోనూ గిద్యోను, "చూసుకోండప్పా, పోలేదు. రేప్పొద్దున మోగేది బస్సుకు" అన్నాడు. పోయినవాళ్ళ గంట ఒక్కొక్క దెబ్బగా కొడతాం కాబట్టి, బస్సు గంట గబగబా మూడు జతలుగా కొట్టేట్టు ఖాయం చేసుకున్నాం.

మన స్టాపులో ఏడూ నలభై బస్సు ఎక్కినవాళ్ళు: మంగళవారం 11, బుధవారం 22, ఈ రోజు 31.

ఈ రోజు ముప్పై ఒకటో మనిషి అనూష. నీళ్ళు ముందే పట్టేసింది. కూర్చోవడానికి సీటు దొరికిందని కిటికీలోంచి చేయి ఊపింది.

ఇంకొక సంగతి నేను అనుకోనిది. సగం కొళాయిలే తెరవడంవల్ల కింది వీధి చివరి ఆరు ఇళ్ళకు చాలా ఏళ్ళ తరువాత నీళ్ళు ఎక్కుతున్నాయి. ఇంతకాలం ట్యాంకు చిన్నదని అర్జీలు పెట్టుకున్నాం.

మీ మనిషిని పంపండి.

కృపమణి


బెంగళూరు
10 సెప్టెంబరు 2025

అవ్వా,

మా మనిషి మూడు రోజులు వచ్చాడు. నువ్వు అతన్ని ఏం చేశావో ఆఫీసంతా తెలుసు.

మొదటి రోజు ఫోను పట్టుకుని బస్టాపులో నిలబడితే, "ఆడపిల్లలు ఎక్కే చోట ఏం పని నీకు?" అని గొడుగు చూపించి సంగనకల్లు దాకా నడిపించావట. రెండో రోజు పాపం కిరాణా అంగడి వెనక దాక్కుని లెక్కపెట్టాడు. మూడో రోజు ఎవరో నిజం చెప్పారు కాబోలు, కుర్చీ వేసి ఉగ్గాని, బజ్జీలు పెట్టావట. "ఆ ఊరికి మళ్ళీ సర్వే ఉంటే నన్నే పంపండి సార్" అంటున్నాడు. మొదటి రోజు లెక్క పోయింది కాబట్టే ఆ మూడో రోజు కలిపారు.

సగటు నలభై మూడు. పద్నాలుగో నంబరు జాబితాలోంచి కొట్టేశారు. నా చేత్తోనే కొట్టేశాను.

అంతటితో ఆగలేదు. మిగతా ముప్పై ట్రిప్పులకు ఎదురుగా, ఆ బస్సు వచ్చే అరగంట ముందు ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో రాయమని నేనొక గడి చేర్చాను. రుద్రేశ్ సార్ మొదట విసుక్కున్నారు. ఒకచోట పాల కేంద్రం మూసే వేళ, ఇంకోచోట దోణిమలై గనుల షిఫ్టు బండి వచ్చే వేళ అడ్డం. తొమ్మిది ట్రిప్పులు ఇలాంటివే తేలాయి. మిగతా ఇరవై ఒకటి నిజంగానే ఎవరూ ఎక్కనివి. సార్ ఆ కాగితం చదివి, "ఆ అజ్జీనా ఇల్లి కరకొండు బారప్పా" అన్నారు. నిన్ను ఇక్కడికి పిలుచుకురమ్మని. రావద్దు. వస్తే ఆఫీసు గడియారాలన్నీ సరిచేస్తావు.

అనూషలాంటి వాళ్ళు లక్షల మంది అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలాంటి పిల్ల ఒకతె అని రాయాల్సింది.

నీ
నెహెమ్యా


మిషను కాంపౌండు
14 సెప్టెంబరు 2025, ఆదివారం

చిరంజీవి నెహెమ్యాకు,

నీ ఉత్తరం ఆరాధన అయ్యాక చదివి వినిపించాను. గిద్యోను చప్పట్లు మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళుగా చర్చిలో చప్పట్లు కొట్టకూడదన్నవాడు.

మాట వెనక్కి తీసుకున్నావు. మొత్తం తీసుకోనక్కరలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

బుధవారం గిద్యోనుకు చక్కెర పరీక్షకని ఒక ప్రభుత్వాసుపత్రికి పోయాం. ఏదని రాయను. తోడు కూర్చున్నదాన్ని ఊరికే ఉండలేక లెక్కపెట్టాను. ఎదురుగా ఉన్న వార్డులో మంచాలు నలభై, రోగులు డెబ్భై ఒక్క మంది. పొద్దున తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు, అయిదుకు, నాలుగుసార్లు చూశాను. ఏ వేళలోనూ ఒక్క మంచం ఖాళీ లేదు. ఉన్న ఇద్దరు డాక్టర్లలో ఒకామె నిలబడే రొట్టె తిన్నది. అక్కడ ఎవరి గంటా అడ్డం లేదు. అక్కడ మంచాలు తక్కువ, డాక్టర్లు తక్కువ. ఇంకా కొనాలి, ఇంకా చదివించాలి. అలాంటి చోట్ల మీ సారు మాటకు నేను సగం మార్కులు వేస్తాను. మిగతా సగం ఎందుకు వేయనంటే, ఆయన జనాన్ని తప్పు పట్టారు, నేను మంచాలను తప్పు పడతాను. ఆ డాక్టరమ్మ పక్కన ఇంకొక నర్సు కావాలంటే ఆ నర్సు ఇప్పుడు ఏదో ఒక స్టాపులో బస్సు కోసం నిలబడి ఉంటుంది కదా.

దేశం మొత్తం నిండిపోయిందో లేదో నా గేటు దగ్గర కుర్చీలోంచి కనబడదు. నాకు కనబడేది ఒక రోడ్డు. దాని లెక్క చెప్పగలను. నిన్న ఎనిమిదీ పది బస్సు ఎక్కలేక మిగిలిపోయినవాళ్ళు సున్నా. మొన్న సున్నా.

ఆగస్టులో మనం తంటాలు పడుతుండగా అనూష ఏడు రోజులు పోగొట్టుకుంది. ఇక పదిహేను రోజులే వెసులుబాటు. జ్వరం కూడా లెక్క చూసుకుని రావాలని చెప్పాను.

అవ్వ


మిషను కాంపౌండు
16 ఫిబ్రవరి 2026, సోమవారం

చిరంజీవి నెహెమ్యాకు,

ఈ ఉత్తరంలో నా చేతిరాత బాగుండదు. ఆత్రంగా రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది.

ఈ రోజు కాలేజీలో హాల్ టికెట్లు ఇచ్చారు. నవంబరులో అనూషకు జ్వరం వచ్చి అయిదు రోజులు పోయాయి, జనవరిలో తల్లికి బాగా లేక ఆరు. ఆపైన బస్సు చెడిపోయి మూడు. నిన్న సాయంత్రం ఆమె, నేను వేరువేరుగా లెక్కవేశాం. నాకు 139 వచ్చింది. ఆమెకూ 139. అయినా కాలేజీ రిజిస్టరులో ఏముందో ఎవరికి తెలుసు? తోడు వస్తానన్నాను. యల్లేష్ కూడా డ్యూటీ దిగి, నిద్రపోకుండా అక్కడికే వస్తానన్నాడు.

కాలేజీ గుమస్తా రిజిస్టరు మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయాడు. ఆ వేలు ఎంత నిదానంగా పోయిందో! చివరికి, "నూట ఎనభై నాలుగుకు నూట ముప్పై తొమ్మిది. డెబ్భై ఐదున్నర. సరిపోయింది కణమ్మా, సంతకం పెట్టు" అన్నాడు. 138 కావాలి, 139 ఉన్నాయి. ఒకటి ఎక్కువ. నా సర్వీసులో ఎన్నో నూటికి నూరులు చూశాను. ఏదీ ఈ ఒకటికి సాటి రాదు.

అనూష సంతకం పెట్టి, కాగితం తెచ్చి ముందు తండ్రికి ఇచ్చింది. యల్లేష్ చేతులు రోజూ రంగునీళ్ళలో నాని గోళ్ళన్నీ నీలంగా ఉంటాయి. కాగితానికి అంటుతుందని వెనక్కి తీసుకున్నాడు. "నువ్వే పట్టుకో పాపా. నేను ఈడ్నించే చూస్తా" అన్నాడు. అది చదవడం అతనికి రాదు. అయినా ఫోటో నుంచి సీలు దాకా అంతా చూశాడు. తరువాత నా వైపు తిరిగి, "టీచరమ్మా, నర్సు కాలేజీకి యాడ అర్జీ పెట్టల్ల? ఎప్పుడు?" అని అడిగాడు. పరీక్ష ఇంకా రాయలేదు. అప్పుడే ఆ తొందర.

ఇదంతా తొమ్మిదిన్నరకు. దానికి ముందుది చెప్పలేదు కదా, ఎనిమిదింటి గంట గిద్యోనుకు అప్పగించి, పొద్దున ఏడూ నలభైకి అనూషతో పాటు నేను కూడా స్టాపులో నిలబడ్డాను. ఎన్నో నెలలుగా లెక్కపెడుతున్న బస్సును ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కాక చూస్తే యాభై రెండు సీట్లూ నిండిపోయాయి. నిలబడ్డవాళ్ళు పద్నాలుగు మంది. నేను పదిహేనో దాన్ని. ఒక కాలేజీ పిల్లవాడు లేవబోతే కూర్చోమన్నాను. బళ్ళారి దాకా కమ్మీ పట్టుకుని నిలబడే పోయాను. నా ముందొకామె టిఫిన్ క్యారియరులోంచి ఎర్రగడ్డ తాలింపు వాసన, పక్కనెవరిదో సెల్ ఫోనులో పాట, వెనక నుంచి ఎవరి సంచో మోకాలికి తగలడం. అనూష నా పక్కనే, పుస్తకం తెరుచుకుని.

సంగనకల్లులో ఇంకా ఆరుగురు ఎక్కారు. నెట్టికంటప్ప తలుపు దగ్గర నిలబడి, గొంతు చించుకుని అరిచాడు: "ముందుకు జరగండమ్మా, జరగండి, లోపల చోటు ఉండాది!"

జరిగాను. ఉంది.

నీ అవ్వ
కృపమణి